ఎవరి చెయ్యి ఇది

ఆ ఏడాది వానలు మొదలైన రెండో రోజున ట్రాలీ ఆటోలో తాళ్ళతో కట్టి, పైన టార్పాలిన్ కప్పిన ఒక బండిని మా షాపు ముందు దించారు. దాని వెనకే గొడుగు పట్టుకుని ఒకాయన వచ్చాడు. బూట్లు తడవకుండా రెండంగల్లో లోపలికి దూకి, "వైరింగు మేస్త్రి మీరేనా?" అని నాన్నను అడిగాడు.

"నేనేనండి," అన్నాడు నాన్న.

అప్పటికి నాలుగేళ్ళుగా అది నిజం కాదు. నాన్న కళ్ళకు ఎర్ర వైరుకూ కాఫీరంగు వైరుకూ తేడా తెలిసేది కాదు. చిన్న స్క్రూ కింద పడితే నేలంతా తడుముకునేవాడు. షాపులో వైరింగు పనంతా అక్కదే. పద్నాలుగో ఏట చదువు మానేసినప్పటి నుంచీ చేస్తోంది, అప్పటికి దానికి ముప్ఫై. కానీ మా షాపులో ఒక పద్ధతి ఉండేది. కస్టమరు గుమ్మంలో అడుగు పెట్టగానే అక్క చేతిలోది కింద పెట్టి, గదికి అడ్డంగా పెట్టిన రేకు వెనక్కి వెళ్ళిపోయేది. "ఆడపిల్ల చేసిందంటే బిగించిన ప్రతి స్క్రూ విప్పి చూస్తారమ్మా," అని నాన్న ఎప్పుడో ఒక్కసారి అన్నాడు. మళ్ళీ ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

నేను ఆ వేసవిలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పూర్తి చేసి ఇంటికొచ్చాను. మా వాళ్ళలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి. ఉద్యోగం ఇంకా రాలేదు. పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని షాపులో స్టూలు మీద కూర్చునేవాణ్ణి. "ఇంజనీరు గారూ, తమరి కాళ్ళ దగ్గరున్న కటింగ్ ప్లేయరు కాస్త ఇటు పడేస్తారా?" అనేది అక్క. వెక్కిరింతే గానీ అందులో ముద్దే ఎక్కువ.

వచ్చినాయన టార్పాలిన్ తీసి బండిని తుడిచాడు. ఆయన పుట్టకముందు తయారైన మోటారు సైకిలు. అలాంటివి ఆయన దగ్గర పదకొండు ఉన్నాయట. "వానొస్తే ఆగిపోతుంది. ఎండలో కూడా చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది," అన్నాడు. "ఏడుగురు మెకానిక్కులు చూశారు. ఏడుగురూ బాగైపోయిందన్నారు. ఎనిమిదోవాడు మీరు."

"చూద్దామండి."

"ఒక మాట చెప్తాను, మేస్త్రీ. ఈ వానల్లో దీన్ని ఆగకుండా నడిపించిన చేతికి మిగతా పదీ అప్పగిస్తాను. నా గ్యారేజీలోనే కూర్చుని చూసుకోవాలి. నెలజీతం. షాపుల చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదిక."

రేకు వెనకాల సాల్డరింగ్ ఇనుమును స్టాండు మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

ఆయన వెళ్ళగానే అక్క బయటికొచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. మోకాళ్ళ మీద కూర్చుని, ట్యాంకు కిందికి తల పెట్టి చూసింది. లేచి చేతులు తుడుచుకుంటూ, "నాన్నా, ఇది నేను చేస్తే నేను చేశానని చెప్పాలి," అంది.

నాన్న కళ్ళజోడు తీసి ఊది తుడుచుకున్నాడు. "చెప్తాంలే. ముందు చెయ్యి."

"చెప్తాంలే కాదు. చెప్తానను."

"చెప్తాను తల్లీ. సరేనా?"

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ కూడా విన్నది. "గ్యారేజీలో కూర్చోవడమేంటే, మగాళ్ళ మధ్య?" అంది.

"ఇక్కడ ఎవరి మధ్య కూర్చున్నానేంటి?" అంది అక్క. అమ్మకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. నాన్న మాత్రం తల వంచుకుని తింటున్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన పేరు పదకొండు బళ్ళాయన.

*

మొదటి మూడు రోజులూ బండి నా చేతికిచ్చింది అక్క. నా దగ్గర కాలేజీలో కొన్న మల్టీమీటరు ఉంది. బ్యాటరీ దగ్గర పెట్టాను, ఆరు వోల్టులు. తాళం స్విచ్చి దగ్గర ఆరు. ప్లగ్గుకు నిప్పురవ్వనిచ్చే కాయిల్ దగ్గర ఆరు. కాగితం మీద వరసగా రాసి, కింద గీత గీసి, "వైరింగులో లోపం లేదు" అన్నాను.

"అంటే తొమ్మిదోవాడివి నువ్వన్నమాట," అంది అక్క.

మేకుకు వేలాడుతున్న తన బల్బు తీసింది. పాత కారు హెడ్‌లైటు బల్బు, దానికి రెండు మూరల వైర్లు, చివర మొసలి క్లిప్పులు. ఒక క్లిప్పు కాయిల్‌కు, ఇంకొకటి ఇంజనుకు తగిలించింది. బల్బు తెల్లగా వెలిగింది. "ఇప్పుడు హ్యాండిలు ఎడమకు తిప్పు. తొందరపడకు. బండి మలుపు తిరుగుతున్నట్టు."

తిప్పాను. సగం దూరం వెళ్ళేసరికి బల్బు ఎర్రబడింది. ఇంకాస్త తిప్పితే నిప్పు కణికలా మిగిలింది. నేను గబగబా మీటరు పెట్టి చూశాను. బల్బు తగిలించి ఉండగా ఒకటిన్నర వోల్టు. బల్బు తీస్తే మళ్ళీ ఆరు.

"నీ మీటరు పలకరిస్తుంది, అంతే," అంది అక్క. "పలకరిస్తే అందరూ బాగున్నామనే అంటారు. బల్బు పని చెప్తుంది. అప్పుడు తెలుస్తుంది ఎవరు బాగున్నారో."

హ్యాండిలు మెడ దగ్గర వైరు మీద తొడుగు చీల్చి చూపించింది. లోపల రాగిపోగులన్నీ తెగి పచ్చగా చిలుము పట్టాయి. రెండే రెండు పోగులు మిగిలాయి. మీటరుకు ఆ రెండూ చాలు. ఇంజనుకు చాలవు. నాలుగేళ్ళ చదువులో ఇది ఏ పాఠంలో ఉందో నాకు తెలుసు. పేజీ కూడా గుర్తుంది. కానీ ఆ పాఠం ఇక్కడ వాడాలని తట్టలేదు.

ఆ ముక్క మార్చాక బండి ఎండలో ఆగడం మానేసింది. నాలుగు రోజుల తర్వాత నాన్న వానలో వీధి చివరి దాకా తీసుకెళ్ళి, ఆగిపోతే నెట్టుకుంటూ వచ్చాడు. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ట్యాంకు కింద ఇంకోటుంది," అంది అక్క, తువ్వాలు అందిస్తూ. "వైరు ఎక్కడో ఒరుసుకుంటోంది. తడిస్తే చాసి ఇనుముకు తగులుతోంది. రేపు అమ్మని కంటాసుపత్రికి తీసుకెళ్ళాలి, ఎల్లుండి ట్యాంకు దింపుదాం. బ్యాటరీ విప్పి ఛార్జింగుకు పెట్టాను. ఎవరూ ముట్టుకోకండి."

*

నేను ముట్టుకున్నాను.

సాయం చేద్దామనే. మర్నాడు పదింటికల్లా బ్యాటరీ నిండింది. అక్క వచ్చేసరికి బిగించి పెడితే ఒక పని తగ్గుతుందనుకున్నాను. నాన్న బయట టీ కొట్టు దగ్గర ఉన్నాడు. బ్యాటరీ పెట్టెలో రెండు వైర్లూ నల్లవే, ఏ మెకానిక్కో మార్చినవి. ఒకటి చాసికి పోతోంది, ఒకటి పైకి. చాసికి పోయేది మైనస్సు. అందులో అనుమానపడాల్సిందేముంది? నేను చదివిన ప్రతి పుస్తకంలో, చూసిన ప్రతి బండిలో అంతే.

ఆ కాలం బళ్ళకు అది తిరగబడి ఉంటుందని, చాసికి పోయేది ప్లస్సని ఆ షాపులో అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ నాతో అనలేదు. అడగాలని నాకూ తోచలేదు.

రెండో వైరు తగిలించగానే హెడ్‌లైటు డూము మీద ఉన్న కరెంటు ఎంతో చూపించే ఆంపియరు ముల్లు ఒక మూలకు కొట్టుకుని అక్కడే నిలిచిపోయింది. కుళ్ళిన వెల్లుల్లి వాసనొచ్చింది. తర్వాత తెలిసింది, అది బ్యాటరీకి ఛార్జింగు పంపే పాత రెక్టిఫయరు కాలే వాసన. ఫ్యూజు ఉండాల్సిన చోట ఎవరో రాగితీగ చుట్టి ఉంచారు. దాన్ని ఆఖర్న మార్చాలని అక్క అనుకుందట. ట్యాంకు కింద నుంచి పొగ, డూములోంచి పొగ. బండి వైర్లన్నీ కలిపి కట్టిన కిట్టు మీద తొడుగులన్నీ మైనంలా కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. వైరును ఉత్త చేత్తో పట్టి లాగేశాను. వేలి చర్మం దానితోనే ఊడొచ్చింది.

అమ్మ చెయ్యి పట్టుకుని అక్క గుమ్మంలోకి వచ్చేసరికి నాన్న, నేను బండికి చెరోవైపు నిలబడి ఉన్నాం. అక్క లోపలికి రాకుండా అక్కడే ఆగి గాలి పీల్చింది.

"తిరగేసి పెట్టారు," అంది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. నన్ను తిడతాడని తల దించుకుని ఉన్నాను.

"బ్యాటరీ మీద సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టొద్దూ నువ్వు?" అన్నాడు అక్కతో. "పదహారేళ్ళ నుంచి చేస్తున్నావు. ఆ మాత్రం ముందుచూపు లేకపోతే ఎలా? వాడికేం తెలుసు పాపం."

"కరెంటు గురించే కదా నాన్నా వాడు నాలుగేళ్ళు చదివొచ్చింది?"

"వాడు చదివింది వేరు."

అక్క నా దగ్గరికొచ్చి, "చెయ్యి చూపించు," అంది. మందు రాస్తున్నప్పుడు, "నోరు తెరిచి నేను పెట్టానని ఒక్క మాట అనొచ్చు కదరా," అంది మెల్లగా. "తిడతారనే కదా భయం? తిట్టరు. ఇందాక చూశావుగా."

*

మొత్తం కిట్టు మళ్ళీ అల్లాలి. ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ రోజులు నా జీవితంలో మంచివని ఇప్పటికీ చెప్పగలను.

పాత తలుపుచెక్క ఒకటి నేల మీద పరిచి, కాలిన కిట్టును దాని మీద ఆ ఒంపులన్నిటితో పడుకోబెట్టి, మలుపు మలుపుకీ మేకు కొట్టింది అక్క. తర్వాత ఆ మేకుల వెంట కొత్త వైర్లు లాగడం మొదలుపెట్టింది. నా పని ఒక కొస పట్టుకోవడం, అడిగిన రంగు అందించడం. నేను ఇంగ్లీషు పుస్తకంలోంచి సర్క్యూటు బొమ్మను పెద్ద కాగితం మీద తెలుగులో వేసిచ్చాను. అక్క దాన్ని గోడకు అంటించి చాలాసేపు చూసింది.

"బాగుంది. కానీ నీ బొమ్మలో హ్యాండిలు తిరగదు," అంది.

"అంటే?"

"అంటే మెడ దగ్గర జానెడు వదులు ఉండాలి. లేకపోతే రెండేళ్ళకు మళ్ళీ పోగులు తెగుతాయి. నీ బొమ్మలో బండి స్టాండు వేసి ఉంది, నాయనా. ఎప్పటికీ అలాగే ఉంటుంది."

మూడు రోజుల పాటు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం. కాలిన రెక్టిఫయరు పెట్టెలో లోపలిదంతా గీకేసి, కొత్త కాలపుది చిన్నది అందులో కూర్చోబెట్టింది, పైకి పాతదిలాగే కనపడాలని. హెడ్‌లైటు దగ్గర నుంచి వేరే ఒక వైరు తెచ్చి బ్యాటరీ దాకా లాగుతుంటే, "ఇదెందుకు? చాసి ఉందిగా, ఎర్తు అందులోంచి తిరిగొస్తుంది," అన్నాను.

"ఎక్కడి నుంచి రావాలి? హ్యాండిలు మెడలో ఉన్న బాల్‌బేరింగుల్లోంచి. వాటి నిండా గ్రీజు. వాన నీళ్ళు. కరెంటు పోవడానికి దారి వేసి, రావడానికి నీ దారి నువ్వు చూసుకో అంటే ఎన్నాళ్ళొస్తుంది? పోవడానికి వేసినవాళ్ళు రావడానికీ వెయ్యాలి."

ఒక మధ్యాహ్నం, బయట జోరున వాన, వైరు మీద టేపు చుడుతూ ఉన్నట్టుండి అడిగింది. "గ్యారేజీకి కిటికీ ఉంటుందంటావా?"

"ఉంటుందిలే."

"ఉంటే కిటికీ కింద బల్ల వేయించుకుంటాను. నడుం వంచి నేల మీద చేసీ చేసీ వెన్ను అరిగిపోయింది." టేపు కొరికి తెంపింది. "నువ్వు నవ్వకు. ఆ మిగతా పదీ ఎలా ఉంటాయా అని రోజూ పడుకునే ముందు ఆలోచిస్తున్నాను."

నేను నవ్వలేదు.

*

పదకొండు బళ్ళాయన వచ్చిన రోజున కావాలని ఆర్డరిచ్చినట్టు వాన పడుతోంది. గుమ్మంలో ఆయన గొడుగు కనపడింది. నాన్న రేకు వైపు చూశాడు. అక్క లేవలేదు. ఒక స్విచ్చి డబ్బా ఒళ్ళో పెట్టుకుని స్క్రూ బిగిస్తూ కూర్చుంది. ఆ రోజు తల నున్నగా దువ్వి జడ వేసుకుంది. చేతులు మాత్రం కడుక్కోలేదు.

ఆయన కోటు వేసుకుని బండెక్కాడు. ఒక్క తన్నుకు స్టార్టయింది. వీధంతా, ఆ పక్క వీధంతా, లైటు వేసి, హారను కొడుతూ, బ్రేకు నొక్కుతూ, వానలో ముప్పావు గంట తిరిగాడు. మేం చెవులు రిక్కించుకుని ఆ చప్పుడు వింటూ ఉన్నాం. దూరమయ్యేది, దగ్గరయ్యేది. ఎక్కడా తెగలేదు. అక్క స్క్రూడ్రైవరు తిప్పడం ఆపేసి, కళ్ళు మూసుకుని వింటోంది.

ఆయన తిరిగొచ్చాడు. నిలువునా తడిసిపోయాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది. డూము తెరిచి లోపల వైర్లు చూశాడు. చాలాసేపు చూశాడు. పూలదండ అల్లినట్టుంది లోపల.

"ఎవరి చెయ్యి ఇది?" అన్నాడు.

నాన్న కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మావాడిదేనండి. ఇంజనీరింగు చదివాడు."

ఆయన నా వైపు తిరిగాడు. "అవునా? అయితే ఒకటి చెప్పు. డూము నుంచి బ్యాటరీకి ఎర్తు వైరు విడిగా లాగావు. ఫ్యాక్టరీవాళ్ళు వెయ్యలేదే అది. నీకెందుకు వెయ్యాలనిపించింది?"

ఆ జవాబు నాకు తెలుసు.

"హ్యాండిలు మెడలో బాల్‌బేరింగుల్లోంచి రావాలండి," అన్నాను. "వాటి నిండా గ్రీజు, వాన నీళ్ళు. పోవడానికి దారి వేసినవాళ్ళు రావడానికీ వెయ్యాలి కదండి."

ఆయన నాన్న భుజం తట్టాడు. "ఇదీ చదువంటే, మేస్త్రీ."

"అమ్మాయ్, సారుకి టీ పెట్టవే," అని లోపల్నుంచి అమ్మ కేకేసింది.

అక్క ఒళ్ళోని డబ్బాను పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. టీ అమ్మ తెచ్చింది.

*

ఆయన వెళ్ళాక నేను వెనకింట్లోకి వెళ్ళాను. అక్క పంపు కింద చేతులు రుద్దుకుంటోంది. నల్లటి నురగ పోతోంది.

"బాగా చెప్పావురా," అంది తలెత్తకుండా. "ఒక్క ముక్క కూడా పోగొట్టలేదు."

"అక్కా, నేను తర్వాత చెప్పేవాణ్ణే..."

"ఎప్పుడు?"

నాన్న వెనకే వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"చెప్తానన్నావు కదా నాన్నా," అంది.

"చెప్తే ఉన్నదీ పోయేదమ్మా. ఆడపిల్లని గ్యారేజీలో పెట్టుకుంటాడా అలాంటి పెద్దమనిషి? వీడు నాలుగు నెలల నుంచి ఇంట్లో కూర్చున్నాడు. వీడైతే కాదనడు. పని నువ్వే చెయ్యి, ఎవరొద్దన్నారు? ఎవరికొచ్చినా మనింట్లోకే కదా వచ్చేది?"

"నేను అడిగింది ఇంట్లోకి వచ్చేదాని గురించి కాదు," అంది అక్క. అమ్మ ఏదో సర్దిచెప్పబోయి, అక్క మొహం చూసి ఊరుకుంది.

సోమవారం పొద్దున్న తన పనిముట్ల డబ్బా, ఆ బల్బు, రెండు జతల బట్టలు తీసుకుని బయల్దేరింది. మూడు వీధుల అవతల ఒక పెద్దావిడ మోటార్లకు, ఫ్యాన్లకు రాగితీగ చుట్టే వైండింగు షాపు నడుపుతుంది. అక్కడ పనికి కుదిరి, ఆ షాపు మేడ మీద గదిలోనే ఉంటానంది. నాన్న ఆపలేదు. రెండ్రోజుల్లో తనే వస్తుందన్నాడు. ఆ మాట వారం పాటు అన్నాడు, తర్వాత మానేశాడు.

అదే సోమవారం నేను పదకొండు బళ్ళాయన గ్యారేజీలో ఉద్యోగంలో చేరాను.

నాన్న ఒక్కడే షాపు తెరిచాడు. ఒక బండికి ఇండికేటరు వైర్లు వేసిచ్చాడు. కుడివైపు నొక్కితే ఎడమవైపు వెలుగుతోందని అదే సాయంత్రం తిరిగి తెచ్చారు. ఇంకొకాయన హారను నొక్కి చూపించి, "మేస్త్రీ, ఇది మోగట్లేదు, దగ్గుతోంది," అన్నాడు. వీధిలో నలుగురూ నవ్వారు. నాన్నా నవ్వాడు. కొన్నాళ్ళకు తలుపు సగమే తెరిచేవాడు. తర్వాత తాళం నాకిచ్చి, నీ దగ్గరుంచు అన్నాడు.

*

గ్యారేజీకి మూడు కిటికీలు ఉన్నాయి. పొడుగాటి బల్ల కూడా ఉంది.

రెండో బండికి పెద్దగా పని పడలేదు. మూడోది నన్ను మూడు వారాలు తిప్పలు పెట్టింది. వారమంతా గడియారంలా నడిచేది. ఆదివారం మాత్రం దారిలో ఆగిపోయేది. తర్వాత దానంతటదే స్టార్టయ్యేది. నేను మీటరు పెట్టాను, అక్క దగ్గర చూసినట్టే ఒక బల్బు తయారుచేసి పెట్టాను, హ్యాండిలు అటూ ఇటూ తిప్పాను. ఏమీ దొరకలేదు.

"ఆదివారం సెలవు తీసుకుంటుందేమో అడుగు," అన్నాడు పదకొండు బళ్ళాయన. మొదటి వారం నవ్వుతూ అన్నాడు. మూడో వారం నవ్వలేదు. "ఆ మొదటి బండి చేసిన చెయ్యేనా ఇది?" అన్నాడు.

అప్పుడు చెప్పేశాను. నిలబడి, చేతులు కట్టుకుని, ఉన్నదున్నట్టు. అది మా అక్క చేసిందని, నేను కొస పట్టుకున్నానని, అసలు పాత కిట్టు కాల్చిందే నేనని. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. పోయినా మంచిదేనని కూడా అనుకున్నాను.

ఆయనకు కోపం రాలేదు. "సరే, దానిదేముంది? ఆమెనూ తీసుకురా. నీ కింద పెట్టుకో. ఆమె చేస్తుంది, నువ్వు చూసుకుంటావు. నాతో మాట్లాడేది మాత్రం నువ్వే ఉండు. నాకు విషయం వివరంగా చెప్పేవాడు కావాలి."

మధ్యాహ్నం సెలవడిగి వైండింగు షాపుకు వెళ్ళాను. అక్క వీధి వైపే కూర్చుని, ఒక మోటారును కాళ్ళ మధ్య పెట్టుకుని తీగ చుడుతోంది. పెద్దావిడ పక్క స్టూలు మీద నుంచి అరుస్తోంది. "నూట ఎనభై చుట్లన్నాను కదే, రెండు తగ్గాయి, నిద్రపోతున్నావా?" అక్క నవ్వుతూ తీగ వెనక్కి తిప్పుతోంది.

నన్ను చూసి తల ఊపింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. జరిగింది చెప్పాను. ఆయనతో నిజం చెప్పానని, ఆయన రమ్మన్నాడని, కిటికీలు ఉన్నాయని. గొంతులో కాస్త గర్వం కూడా ఉండే ఉంటుంది.

అక్క తీగ చుడుతూనే విన్నది. "ఎవరి కింద అన్నాడు?"

"పేరుకే అక్కా. ఉత్త పేరుకే."

"ఇప్పుడు ఎన్నో బండి దగ్గరున్నావు?"

"మూడోది."

"నడుస్తోందా?"

నేను కింద పడ్డ తీగముక్క ఏరి పక్కన పెట్టాను.

"అదీ సంగతి," అంది. "నడిచి ఉంటే నిజం గుర్తొచ్చేదా?"

పెద్దావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పని ఉన్నట్టు లోపలికి వెళ్ళింది.

"రావా అయితే?"

"రాను. ఇక్కడ నేను చేసిన తప్పుకే నన్ను తిడతారు. నాకదే బాగుంది." కొత్త వరస మొదలుపెట్టింది. వేళ్ళ మధ్య తీగ జారుతోంది. నేను వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటుంటే, వెనక నుంచి, "ఏంటి దాని జబ్బు?" అంది.

"ఆదివారమే ఆగుతుంది."

"ఆదివారం ఎవరెక్కుతారు?"

"ఆయనే. ఆదివారాలు భార్యను వెనక కూర్చోబెట్టుకుని..."

అక్క తీగ చుట్టడం ఆపలేదు. "వెనక మడ్‌గార్డు లోపల చూడు. బరువు పడితే చక్రం పైకొచ్చి లైటు వైరును గీకుతోంది."

గ్యారేజీకి వెళ్ళి మడ్‌గార్డు విప్పాను. అర అంగుళం మేర తొడుగు అరిగిపోయి రాగి మెరుస్తోంది. చక్రం నొక్కినప్పుడల్లా అది మడ్‌గార్డుకు తగిలి కరెంటంతా లాగేస్తోంది. పది నిమిషాల పని. కొత్త ముక్క వేసి, తొడుగెక్కించి, వైరును పక్కకు జరిపి క్లిప్పు కొట్టాను.

ఆదివారం పదకొండు బళ్ళాయన భార్యతో ఊరంతా తిరిగొచ్చి, బండి స్టాండు వేసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "దొరికిందన్నమాట."

"దొరికిందండి," అన్నాను.

ఎవరికి దొరికిందని ఆయన అడగలేదు. నేను నాలుగో బండి మీద గుడ్డ తీశాను.